చేయి జారి పడిన పిస్టల్ ఎందుకు పేలలేదు? ట్రిగ్గర్ కోసం ఆ పార్టులు తీయించొచ్చా?

ప్రశ్న: అన్నా, మేం డాలస్ దగ్గర ఉంటాం. గ్రీన్ కార్డ్ వచ్చాక ఇంట్లో ఒకటి ఉంటే మంచిదని సెకండ్ హ్యాండ్ కోల్ట్ 1911 కొన్నా, .45 ది, సిరీస్ 80. మొన్న గరాజ్‌లో పై అర సర్దుతుంటే చేయి జారి కాంక్రీట్ మీద పడింది. ఛాంబర్‌లో (గొట్టం వెనక, తూటా కూర్చునే చోటు) రౌండ్ ఉంది, హామర్ లాగి థంబ్ సేఫ్టీ వేసి ఉంది. పట్టుకుందామని చేయి చాపా గానీ అందలేదు. పేలలేదు. మా ఆవిడ పక్కనే ఉంది, అప్పట్నుంచి అది ఇంట్లో ఉండటానికి వీల్లేదంటోంది, మాకు నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. రేంజ్‌లో ఫ్రెండేమో ఆ సిరీస్ 80 పార్టులు తీయించెయ్, ట్రిగ్గర్ స్మూత్ అయిపోద్ది, పాత 1911లకి అవేం లేవు కదా అంటాడు. గుంటూరులో ఎస్సైగా రిటైర్ అయిన మా నాన్న అసలు ఛాంబర్‌లో రౌండ్ ఎందుకు పెట్టావని ఫోన్‌లో తిట్టారు. పేలకపోవడం మా అదృష్టమా, నిజంగా ఏదైనా ఆపిందా? ఆ పార్టులు తీయించొచ్చా? లేదా ఇది అమ్మేసి గ్లాక్ గానీ సిగ్ పి320 గానీ తీసుకోనా?

జవాబు: తమ్ముడూ, ఎవరికీ ఏం కాలేదు, ముందు అది చాలు. తీయించొచ్చా అన్నదానికి జవాబు ఒక్క ముక్కలో, వద్దు. ఇంట్లో పెట్టుకునే పిస్టల్‌కి ఆ పార్టులు తీయించకు, మీ ఫ్రెండ్ ఎంత మంచి షూటర్ అయినా సరే. ఎందుకంటున్నానో అర్థం కావాలంటే ఆ రోజు గరాజ్‌లో నీ పిస్టల్ లోపల ఏం జరిగుంటుందో చెప్పాలి, కాస్త పొడుగే అవుద్ది, ఓపిగ్గా చదువు.

తూటా వెనక మధ్యలో గుండ్రంగా కనబడేది ప్రైమర్. దాని మీద గట్టిగా ఒక పోటు పడితే చాలు లోపలి మందు అంటుకుంటుంది. ఆ పోటు వేసేది ఫైరింగ్ పిన్, స్లైడ్ (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే పై భాగం) లోపల సన్నటి గొట్టంలో ముందుకీ వెనక్కీ కదిలే ఒక చిన్న ఉక్కు పుల్ల. నువ్వు ట్రిగ్గర్ నొక్కితే హామర్‌ని (వెనకుండే చిన్న సుత్తిని) పట్టి ఉంచే సియర్ అనే ముక్క వదులుతుంది, హామర్ వచ్చి పిన్ వెనక కొడుతుంది, పిన్ ముందుకెళ్ళి ప్రైమర్‌ని పొడుస్తుంది. జాన్ బ్రౌనింగ్ ఈ పిస్టల్ డిజైన్ చేసినప్పుడు, అమెరికా ఆర్మీ 1911లో తీసుకున్నదే కాబట్టి ఆ పేరు, పిన్‌ని కావాలనే కాస్త పొట్టిగా పెట్టాడు. హామర్ పూర్తిగా దిగి పిన్‌కి ఆనుకుని ఉన్నా సరే పిన్ కొస ప్రైమర్ దాకా అందదు, వెనక్కి నెట్టే స్ప్రింగ్ కూడా ఉంటుంది. హామర్ దెబ్బ తగిలితే ఆ ఊపుకి పిన్ గాల్లోకి దూకినట్టు ముందుకెళ్ళి పొడిచి మళ్ళీ వెనక్కొస్తుంది. చాలా తెలివైన పని అది, హామర్ కిందికి దించి ఉన్న పిస్టల్‌ వెనక ఎవరైనా తట్టినంత మాత్రాన పేలదు.

కానీ చిక్కంతా ఆ ఊపుతోనే. పిస్టల్ గొట్టం మూతి కిందికి పెట్టి నిలువుగా పడిందనుకో, నేల తగలగానే పిస్టల్ మొత్తం ఠక్కున ఆగిపోతుంది, లోపల వదులుగా ఉన్న పిన్ మాత్రం ఆగదు, బస్సు సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్ళు ముందుకి తూలినట్టు అది కిందికే పోతుంది. దాన్ని ఆపాల్సింది ఆ చిన్న స్ప్రింగ్ ఒక్కటే. ఎత్తు ఎక్కువైతే, నేల కాంక్రీట్ అయితే, స్ప్రింగ్ ఏళ్ళ తరబడి మార్చక మెత్తబడిపోయి ఉంటే, పిన్ వెళ్ళి ప్రైమర్‌ని పొడవగలదు. హామర్ కదల్లేదు, ట్రిగ్గర్ ఎవరూ ముట్టుకోలేదు, అయినా పేలుద్ది.

మరి థంబ్ సేఫ్టీ వేసి ఉంది కదా అంటావు. థంబ్ సేఫ్టీ ఆపేది సియర్‌ని, అంటే హామర్ పడకుండా చూస్తుంది, స్లైడ్ కదలకుండా లాక్ చేస్తుంది. వెనక అరచేతి కింద ఉండే గ్రిప్ సేఫ్టీ ట్రిగ్గర్‌ని ఆపుతుంది. పాత డిజైన్‌లో ఈ రెండిట్లో ఏదీ ఫైరింగ్ పిన్ జోలికే పోదు. చాలామంది, ఏళ్ళుగా పిస్టల్ వాడుతున్నవాళ్ళు కూడా, సేఫ్టీ వేశాం కాబట్టి లోపల అన్నీ బిగుసుకుని ఉంటాయి అనుకుంటారు, అది తప్పు, పిన్ మాత్రం స్వేచ్ఛగానే ఉంటుంది.

ఈ సంగతి కోల్ట్ కంపెనీకి ఎప్పుడో తెలుసు. 1930ల చివర్లోనే స్వార్ట్జ్ సేఫ్టీ అని ఒకటి చేశారు, గ్రిప్ సేఫ్టీని చేత్తో నొక్కితేనే పిన్‌కి దారి వదిలేలా. కొన్ని కమర్షియల్ పిస్టల్స్‌లో పెట్టారు, ఈలోపు రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, అది పక్కకి పోయింది. మళ్ళీ 1983లో సిరీస్ 80 అని తెచ్చారు, నీ దగ్గరున్నది అదే. దీంట్లో స్లైడ్ లోపల ఒక చిన్న ప్లంజర్ ఉంటుంది, స్ప్రింగ్ దాన్ని ఎప్పుడూ కిందికి తోస్తూ ఉంటుంది, అది పిన్‌కి అడ్డంగా నిలబడుతుంది. ట్రిగ్గర్ వెనక్కి వచ్చినప్పుడు మాత్రమే ఫ్రేమ్‌లో ఉన్న రెండు చిన్న లివర్లు ఒకదాన్నొకటి నెట్టుకుని ఆ ప్లంజర్‌ని పైకి లేపుతాయి, ప్లంజర్ నడుం దగ్గర సన్నగా చెక్కి ఉంటుంది, ఆ సన్నటి భాగం ఎదురుగా రాగానే పిన్‌కి దారి దొరుకుతుంది. ట్రిగ్గర్ వదిలావా, ప్లంజర్ మళ్ళీ దిగి అడ్డం పడుతుంది. చేసేది అంతే. దీన్నే ఫైరింగ్ పిన్ బ్లాక్ అంటారు.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకి జవాబు, పక్కకి పడుంటే బ్లాక్ ఉన్నా లేకపోయినా పేలకపోవచ్చు, మూతి మీద పడుంటే మాత్రం నిన్ను కాపాడింది ఆ ప్లంజరే అయ్యుండొచ్చు. ఏ వైపు పడిందో నువ్వు రాయలేదు. ఆ పిస్టల్ మూతి మీద కాంక్రీట్ గీత ఏమైనా ఉందేమో చూడు.

ఇక మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, అది దాచను. ఆ రెండు లివర్లు, ప్లంజర్ స్ప్రింగ్ వల్ల ట్రిగ్గర్ మీద కాస్త రాపిడి పెరుగుతుంది, టార్గెట్ షూటింగ్‌లో పోటీకి దిగేవాళ్ళకి అది చేతికి తెలుస్తుంది. అందుకే పోటీల వాళ్ళు బ్లాక్ లేని పిస్టల్ అడుగుతారు, వాటినే ఇప్పుడు సిరీస్ 70 అనేస్తున్నారు, నిజానికి 1970లో ఆ పేరు పెట్టింది బ్యారెల్ ముందుండే బుషింగ్‌లో (బ్యారెల్‌ని పట్టి ఉంచే కడియం) చేసిన మార్పుకి. వాళ్ళు రేంజ్‌లో లైన్ మీదికి వచ్చాకే లోడ్ చేస్తారు, అయిపోగానే ఖాళీ చేసి చూపిస్తారు, వాళ్ళ దగ్గర లోడ్ అయిన పిస్టల్ పై అరలో ఉండదు. నీ పిస్టల్ ఉండేది ఇంట్లో, అర్ధరాత్రి నిద్రమత్తులో చేతిలోకి తీసుకునే వస్తువు. నీకు కావాల్సింది కింద పడితే పేలకపోవడం. మంచి గన్‌స్మిత్ సిరీస్ 80 పార్టులు అన్నీ ఉంచే ట్రిగ్గర్‌ని చాలా బాగా చేసిస్తాడు, ట్రిగ్గర్ గరుకుగా ఉందనిపిస్తే ఆ పని చేయించుకో, పార్టులు తీయించడం కాదు. పైగా సేఫ్టీ పార్టులు తీసేసిన పిస్టల్‌తో రేపు ఏదైనా జరగరానిది జరిగితే అవతలి లాయర్ కోర్టులో మొట్టమొదట ఎత్తి చూపించేది అదే.

బ్లాక్ లేకుండా వేరే దారిలో వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ వాళ్ళ 1911లలో టైటానియం పిన్ పెట్టి స్ప్రింగ్ గట్టిది వేశారు. టైటానియం ఉక్కు కన్నా సుమారు 40 శాతం తేలిక, బరువు తగ్గితే పడ్డప్పుడు ముందుకి దూకే ఊపూ తగ్గుతుంది. కాలిఫోర్నియాలో 2001 నుంచి కొత్త పిస్టల్ మోడల్ అమ్మాలంటే డ్రాప్ టెస్ట్ పాస్ అవ్వాలి, మీటరు ఎత్తు మీద ఇంకో సెంటీమీటరు నుంచి కాంక్రీట్ మీదికి, మూతి కిందికి, పిడి కిందికి, వెనక్కి, రెండు పక్కలకీ, తలకిందులుగా ఇలా రకరకాలుగా పడేసి చూస్తారు. ఆ పరీక్షని ఈ తేలిక పిన్‌తో దాటారు. అంటే పద్ధతి ఏదైనా పర్లేదు, కానీ ఏదో ఒకటి ఉండాలి. మీ ఫ్రెండ్ చెప్పినట్టు బ్లాక్ తీసేసి మామూలు ఉక్కు పిన్నూ పాత స్ప్రింగూ అలాగే వదిలేస్తే నీకు ఏ పద్ధతీ మిగలదు. కింబర్ సిరీస్ టూ పిస్టల్స్‌లో పాత స్వార్ట్జ్ పద్ధతే మళ్ళీ తెచ్చారు, గ్రిప్ సేఫ్టీతో నడిచేది, ట్రిగ్గర్ మీద రాపిడి ఉండదు. ఎవరైనా అది కొంటే మాత్రం గుర్తుపెట్టుకోండి, స్లైడ్ ఎక్కించేటప్పుడు దించేటప్పుడు గ్రిప్ సేఫ్టీ నొక్కి పట్టుకోకూడదు, లోపల పైకి లేచే చిన్న పిన్ స్లైడ్‌కి తగిలి దెబ్బతింటుంది.

నాన్నగారి మాట కొట్టిపారేయకు. ఆయన సర్వీస్‌లో చేతికిచ్చిన పిస్టల్ చాలావరకు 9ఎంఎం 1ఎ అయ్యుంటుంది, బెంగాల్‌లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనది, కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ చేసిన బ్రౌనింగ్ హైపవర్‌కి కాపీ. హైపవర్‌కి ఫైరింగ్ పిన్ బ్లాక్ వచ్చింది 1980ల చివర్లో మార్క్ త్రీ మోడల్‌తో, ఇషాపూర్‌ది అంతకు ముందు డిజైన్ కాబట్టి దాంట్లో అది లేదు. అలాంటి పిస్టల్ నడుముకి కట్టుకుని జీపెక్కి దిగుతూ తిరిగే మనిషికి ఛాంబర్ ఖాళీగా పెట్టుకోవడమే అన్నిటికన్నా గట్టి సేఫ్టీ, తూటా లేని ఛాంబర్‌లో పిన్ ఎంత దూకినా పేలేదేమీ ఉండదు. ఆయన తిట్టింది అనుభవంతో. చిన్నపిల్లాడున్న మీ ఇంట్లో ఈ రోజుకీ ఆ మాట పనికొస్తుంది, మ్యాగజైన్ పెట్టి ఛాంబర్ ఖాళీగా ఉంచడం తప్పేం కాదు, అవసరమైనప్పుడు స్లైడ్ లాగడానికి ఒక్క క్షణం, కాకపోతే అది రేంజ్‌లో ప్రాక్టీస్ చేసి ఉండాలి.

ఇప్పుడు మార్చుకోవడం సంగతి. గ్లాక్ తీసుకుంటే నీ పడిపోయే భయానికి అది మంచి జవాబే. 1982లో ఆస్ట్రియా ఆర్మీ తీసుకున్నప్పట్నుంచీ దాని లోపల ఫైరింగ్ పిన్ బ్లాక్ ఉంది, ట్రిగ్గర్ బార్ మీద ఉన్న చిన్న కొమ్ము లాంటిది ప్లంజర్‌ని పైకి నెడితేనే పిన్ ముందుకి పోతుంది. దానికి తోడు ట్రిగ్గర్ బార్ వెనక భాగం ఒక మెట్టు మీద కూర్చుని ఉంటుంది, ట్రిగ్గర్ పూర్తిగా వెనక్కి లాగితే తప్ప అది దిగదు. ట్రిగ్గర్ మధ్యలో చిన్న రేకులాంటి టాబ్ కూడా ఉంటుంది, వేలు సరిగ్గా ఆనితేనే ట్రిగ్గర్ కదులుతుంది.

ఆ టాబ్ ఎందుకంత ముఖ్యమో పి320 కథ చూస్తే తెలుస్తుంది, అందులోనూ నువ్వు డాలస్ దగ్గరే ఉన్నావు కాబట్టి ఇది నీకు తెలిసే ఉండాలి. 2017 జనవరిలో అమెరికా ఆర్మీ ఆ పిస్టల్ ఆధారంగా చేసిన మోడల్‌ని సెలెక్ట్ చేసింది. అదే ఏడాది ఆగస్టులో డాలస్ పోలీసులు తమవాళ్ళు పి320 వాడకుండా ఆపేశారు. స్లైడ్ వెనక భాగం నేలకి ఒక కోణంలో తగిలేలా పడితే పేలుతోందని బయటివాళ్ళు వీడియోల్లో చూపించారు. దాంట్లో స్ట్రైకర్‌ని (హామర్ లేని పిస్టల్స్‌లో ఫైరింగ్ పిన్ పని చేసేది) ఆపే బ్లాక్ ఉంది, ఉన్నా పేలింది, ఎలాగంటే వెనక్కి పడ్డప్పుడు బరువైన ట్రిగ్గర్ తన ఊపుకి తానే వెనక్కి కదిలింది, ట్రిగ్గర్ కదిలితే బ్లాక్ పక్కకి తప్పుకోవడమే కదా దాని పని, అది తన పని చేసింది. అప్పటికి ఉన్న స్టాండర్డ్ డ్రాప్ టెస్టులు పాసైన పిస్టలే అది, కానీ టెస్టులో పడేసే కోణాలు ముందే రాసి ఉంటాయి, నీ గరాజ్‌లో పడే కోణం ఎవరూ రాసి ఉండరు. ఆ ఆగస్టులోనే కంపెనీ ఫ్రీగా అప్‌గ్రేడ్ ప్రకటించింది, తేలిక ట్రిగ్గరు, తేలిక సియరు, స్ట్రైకరు, అదనంగా ఒక డిస్‌కనెక్టరు. కాబట్టి సెకండ్ హ్యాండ్ పి320 ఎక్కడైనా చవగ్గా కనబడితే సీరియల్ నంబర్‌తో కంపెనీని అడిగి ఆ అప్‌గ్రేడ్ అయిందో లేదో తెలుసుకోకుండా ముట్టుకోకు. అప్‌గ్రేడ్ తర్వాత కూడా ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందని కేసులు వేసినవాళ్ళు ఉన్నారు, కంపెనీ ఒప్పుకోలేదు, ఆ గొడవ నడుస్తూనే ఉంది, నా మట్టుకు నేను చిన్నపిల్లాడున్న ఇంటికి అది రికమెండ్ చేయను.

గ్లాక్‌కీ ఒక మెలిక ఉంది. దానికి చేత్తో వేసే సేఫ్టీ లేదు. లోపల ఉన్నవన్నీ పడిపోవడం నుంచి కాపాడేవే, ట్రిగ్గర్ మీద ఏదైనా ఆని లాగితే అది పేలడానికే తయారై ఉంది, ఆ లాగింది నీ వేలా, జాకెట్ తాడా, బాబు వేలా దానికి తెలీదు. నీ 1911 అయినా అంతే, థంబ్ సేఫ్టీ కిందికి నొక్కడం నాలుగేళ్ళ పిల్లాడికి పెద్ద పనేం కాదు. ఫైరింగ్ పిన్ బ్లాక్ ఎంత గొప్పదైనా అది జవాబు చెప్పేది ఒకే ప్రశ్నకి, ట్రిగ్గర్ నొక్కకుండా పేలుద్దా అన్నదానికి. మీ ఆవిడ అడుగుతున్నది అది కాదు తమ్ముడూ, ఆవిడ అడుగుతున్నది బాబు చేతికి అందితే ఏంటి అని. దానికి జవాబు పిస్టల్ లోపల లేదు, అందుకని కొత్త మోడల్ కొని చూపిస్తే ఆవిడ భయం పోదు, పోకూడదు కూడా.

ఆ పై అర ఈ రోజే మానెయ్. గోడకి గానీ మంచానికి గానీ బోల్ట్ చేసే లాక్ బాక్స్ తీసుకో, బటన్లతోనో వేలిముద్రతోనో తెరుచుకునేది, చీకట్లో తెరవడం ప్రాక్టీస్ చెయ్యి. అది ఎక్కడ ఉండాలో మీ ఆవిడతో కలిసి నిర్ణయించు, కోడ్ ఆవిడకీ తెలియాలి, ఆవిడ ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి బేసిక్ సేఫ్టీ క్లాసుకి వెళ్ళండి. అన్నీ విన్నాక కూడా వద్దంటే అమ్మెయ్, ఆవిడ మాటే నెగ్గాలి అంటాను నేను, ఇంట్లో ఒకళ్ళకి నిద్ర పట్టని వస్తువు ఇంటి రక్షణ కాదు. టెక్సాస్ చట్టం కూడా తెలుసుకో, 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడ్ అయిన తుపాకి అందేలా వదిలేసి అది వాళ్ళ చేతికి చిక్కితే నేరం, పిల్లలు దాన్ని పేల్చి ఎవరైనా చనిపోయినా, గట్టి దెబ్బ తగిలినా శిక్ష పెరుగుతుంది.

ఇంకోటి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. పడిపోతుంటే పట్టుకోబోయానని రాశావు, అందలేదు కాబట్టి సరిపోయింది. కింద పడే పిస్టల్‌ని ఎప్పుడూ పట్టుకోకు. బ్లాక్ ఉన్న పిస్టల్ నేల మీద పడితే పేలకుండా ఉండటానికే తయారైంది, కంగారుగా చేయి వేస్తే వేలు పోయి నేరుగా ట్రిగ్గర్ మీద పడుతుంది, అప్పుడు బ్లాక్ దారి వదిలేస్తుంది, మూతి ఎటు తిరిగి ఉందో నీకు తెలీదు. పడనీ, చేతులు వెనక్కి తీసుకో, ఆగాక మూతి ఎటుందో చూసి నెమ్మదిగా తియ్యి. చేతికి ఇది అలవాటు కావాలి, ఎందుకంటే మనకి గ్లాసు పడుతుంటే పట్టుకోవడం చిన్నప్పట్నుంచీ అలవాటు.

రిపేరు, చెకింగ్ సంగతి. కాంక్రీట్ మీద పడిన పిస్టల్‌ని గన్‌స్మిత్‌కి చూపించకుండా మళ్ళీ లోడ్ చేయకు. ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ కొత్తది వేయించు, చాలా చవకైన పార్ట్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది కాబట్టి ఎన్నేళ్ళదో నీకు తెలీదు. బ్లాక్ పనిచేస్తోందో లేదో చూడటం కష్టం కాదు, మ్యాన్యువల్ ప్రకారం పిస్టల్ పూర్తిగా ఖాళీ చేసి, తూటాలు వేరే గదిలో పెట్టి, స్లైడ్ విప్పాక ఫైరింగ్ పిన్ వెనక చిన్న పంచ్‌తో ముందుకి నొక్కితే ముందు వైపు పిన్ కొస బయటికి రాకూడదు, ప్లంజర్‌ని నొక్కి పట్టుకుని నెడితేనే రావాలి, వదలగానే వెనక్కి పోవాలి. ప్లంజర్ నొక్కకుండానే కొస బయటికొస్తే, లేదా వచ్చింది అక్కడే ఇరుక్కుపోతే, ఆ పిస్టల్ వాడకూడదు. పిన్ గొట్టంలో నూనె పోయకు, చాలామంది మంచిదనుకుని పోస్తారు, అది మసితో కలిసి జిగురైపోయి పిన్నూ ప్లంజరూ రెండూ పట్టేస్తాయి, అక్కడ పొడిగా ఉంటేనే మంచిది. ముందుకి ఇరుక్కున్న పిన్‌తో స్లైడ్ వదిలితే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలే ప్రమాదం ఉంది.

గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళేటప్పుడు పిస్టల్ ఖాళీగా, లాక్ చేసిన కేసులో తీసుకెళ్ళు. ఆ రోజు ఛాంబర్‌లో ఉన్న రౌండ్ ఇంకా నీ దగ్గరుంటే విడిగా ఒక చిన్న డబ్బాలో పెట్టి అదీ చూపించు. ప్రైమర్ మీద సూదంత గుంట అయినా ఉంటే పిన్ దాని దాకా వచ్చిందన్నమాట, బ్లాక్ సరిగ్గా ఆపలేదన్నమాట. ప్రైమర్ నున్నగా ఉంటే మంచిదే, అయినా ఆ రౌండ్ మళ్ళీ మ్యాగజైన్‌లో పెట్టకు, వాళ్ళకే ఇచ్చెయ్. చూశాక వాళ్ళేమన్నారో రాయి.